పనికొచ్చిన యుద్ధం, పనికిరాని చావు

ఘాజీ మనకు గుర్తుంది, రంగం (రంగూన్) దారిలో పోయినవాళ్లు గుర్తులేరు. పొరుగు దేశాలతో లెక్కల్లో పాత యుద్ధాలను ప్రభుత్వాలు ఎలా వాడుకుంటాయో ఉత్తరాంధ్ర తీరమే చెబుతోంది.

విశాఖ సముద్రం అడుగున రెండు జలాంతర్గాములు పడి ఉన్నాయి. ఒకటి పాకిస్థాన్‌ది, పేరు ఘాజీ. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగింది. రెండోది జపాన్‌ది, పేరు ఆర్‌ఓ-110. 1944 ఫిబ్రవరి 11న మునిగింది. రెండూ మన రేవు మీదికి, మన దారిన పోయే ఓడల మీదికి వచ్చినవే. రెండింటిలోనూ ఒక్క ప్రాణం మిగల్లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ హైస్కూలు పిల్లాణ్ణి అడిగినా ఘాజీ గురించి ఎంతో కొంత చెబుతాడు. దాని మీద సినిమా వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులో 1971 విజయానికి స్మారకం ఉంది. అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. నేవీ డే విన్యాసాలు చూడ్డానికి మన జిల్లాల నుంచి బస్సులు కట్టించుకుని వెళతారు. ఆర్‌ఓ-110 సంగతి మాత్రం వాళ్ల మాస్టార్లలో కూడా బహుకొద్ది మందికే తెలుసు. దాన్ని ముంచింది అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి చెందిన జమున, తోడుగా రెండు ఆస్ట్రేలియా నౌకలు. ఆ పోరాటంలో భారత నావికుల చేయి ఘాజీ కథలో కంటే తక్కువేమీ కాదు. అయినా దానికి సినిమా లేదు, స్మారకం లేదు.

పాకిస్థాన్‌తో తగువు ఇంకా నడుస్తోంది, జపాన్‌తో స్నేహం నడుస్తోంది. ఒకటి గుర్తుండి, రెండోది గుర్తులేకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. పొరుగువాడితో అవసరం పడినప్పుడు ప్రభుత్వాలు పాత యుద్ధాన్ని బయటికి తీస్తాయి, అవసరం తీరాక లోపల పెట్టేస్తాయి. ఏ దేశమూ ఇందుకు మినహాయింపు కాదు. ఈ తీయడం, పెట్టడం మధ్యలో మన జనం ఏమయ్యారన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

ఒక పేలుడు, రెండు కథలు

ఘాజీ పుట్టింది అమెరికాలో, డయాబ్లో అనే పేరుతో. 1960ల మొదట్లో పాకిస్థాన్ చేతికొచ్చింది. 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరి, శ్రీలంక చుట్టి, బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని గురి విమానవాహక నౌక విక్రాంత్. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తప్పించారు. అది ఇంకా విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించడానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను రంగంలోకి దింపారు. విక్రాంత్ పంపినట్టుగా అది వైర్‌లెస్ సంకేతాలు పంపింది. అంత పెద్ద ఓడకు సరిపడా మాంసానికీ కూరగాయలకూ ఒడ్డున ఆర్డర్లు పెట్టారు. ఆ వార్త చేరాల్సిన చెవిన చేరుతుందని వారికి తెలుసు.

డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతూ నీళ్లలో అనుమానాస్పదమైన కదలిక కనిపించిన చోట డెప్త్ చార్జీలు జారవిడిచింది. ఆ తర్వాత వచ్చిన పేలుడుకు ఊళ్లో కిటికీలు అదిరాయి. తెల్లారాక వేటకెళ్లిన మత్స్యకారులకు నీళ్ల మీద చమురు తెట్టె, శిథిలాలు కనిపించాయి. ఆ కబురు ముందు వాళ్లే నేవీకి చేరవేశారు. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్‌తో సహా ఘాజీలో ఉన్న 93 మంది చనిపోయారు.

ఇక్కడి నుంచి కథ రెండుగా చీలుతుంది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నేవీ చెబుతుంది. తాను పరిచిన మైనే తగిలిందో, లోపలున్న మందుగుండే పేలిందో గానీ అది ప్రమాదమని పాకిస్థాన్ అంటుంది. మన మాజీ సైనికాధికారుల్లోనే కొందరు ఈ రెండో మాట వైపు మొగ్గారు. ఘాజీ మునకకు సంబంధించిన కాగితాలను తూర్పు నౌకాదళం ఎప్పుడో తగలబెట్టేసిందని 2010లో పత్రికల్లో వచ్చాక ఆ వాదన ఇంకాస్త ముదిరింది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా ఈ రెండు కథలనూ పక్కనబెట్టి, మన జలాంతర్గామి ఎదురెళ్లి ఘాజీని ముంచినట్టు చూపించింది. అలా జరగలేదు. రాజ్‌పుత్ జలాంతర్గామి కాదు, సముద్రం మీద తిరిగే పాత ఓడ. ఇప్పటి కుర్రకారులో చాలామందికి ఘాజీ అంటే ఆ సినిమా కథే.

డెప్త్ చార్జీలు ముంచాయా, సొంత మైను ముంచిందా అన్నది నిపుణులు తేల్చుకోవాల్సిన విషయం. విక్రాంత్ లేని చోటికి ఘాజీని రప్పించిన కృష్ణన్ ఎత్తుకు మాత్రం ఏ కథలోనూ ఢోకా లేదు. ఆ ఎత్తు ఒక్కటీ చాలు గర్వపడడానికి. రెండు ప్రభుత్వాలకూ అది చాలలేదు. ఒకరికి సంపూర్ణ విజయం కావాలి, ఇంకొకరికి ఓడలేదన్న మాట కావాలి. ఎందుకంటే ఆ కథ చరిత్ర పుస్తకం కోసం పుట్టింది కాదు, అవతలివాడి చెవిన వేయడానికి పుట్టింది.

నౌకల పేర్లు చూడండి. 1971 నాటి విక్రాంత్ పేరే 2022 సెప్టెంబరులో నేవీలో చేరిన కొత్త విమానవాహక నౌకకు పెట్టుకున్నాం. మునిగిన ఘాజీ దగ్గరికి గజ ఈతగాళ్లను దింపిన నిస్తార్ అనే నౌక పేరుతోనే మన హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త సహాయక నౌక 2025 జులైలో విశాఖలో నేవీకి చేరింది. అటువైపు పాకిస్థాన్ చైనా సాయంతో కట్టించుకుంటున్న కొత్త జలాంతర్గాముల తరగతికి హంగోర్ అని పేరు పెట్టింది. 1971 డిసెంబరు 9న మన ఖుక్రీని ముంచింది హంగోరే. ఆ రాత్రి ఖుక్రీతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు వదిలారు. ఓడ పక్కన రాసే పేరు కూడా పొరుగువాడికి రాసిన ఉత్తరమే.

ఢిల్లీకొక 1971, ఢాకాకొక 1971

1971 యుద్ధం తర్వాత జరిగింది చూస్తే, గడిచిన కాలం ప్రభుత్వాల చేతిలో ఎంత మెత్తగా వంగుతుందో తెలుస్తుంది. ఢాకాలో లొంగిపోయిన 93,000 మంది పాకిస్థానీ బందీలలో 195 మందిని యుద్ధ నేరస్థులుగా విచారించి తీరాలని బంగ్లాదేశ్ పట్టుబట్టింది. పాకిస్థాన్ ఆ కొత్త దేశాన్ని గుర్తించనని మొండికేసింది. 1974 ఫిబ్రవరిలో గుర్తింపు వచ్చింది. ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాల ఒప్పందం కుదిరి, ఆ 195 మందినీ విచారణ లేకుండానే ఇంటికి పంపేశారు. లక్షల మంది చావుకు జవాబుదారీ అడిగే హక్కు, ఒక దేశపు గుర్తింపుకు బదులుగా చేతులు మారింది.

ఆ తర్వాత ఎవరి అవసరానికి వాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ తవ్వారు. 2002లో ఢాకా వెళ్లిన పాకిస్థాన్ అధ్యక్షుడు ముషారఫ్ విచారం వ్యక్తం చేశారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. షేక్ హసీనా ప్రభుత్వం 2010లో ట్రిబ్యునల్ పెట్టి నాటి నేరాలకు విచారణ మొదలుపెట్టింది. 2024 ఆగస్టులో ఆమె ప్రభుత్వం కూలగానే ముజీబ్‌నగర్‌లో ముక్తి యుద్ధ శిల్పాలను గుంపులు పగలగొట్టాయి. ఆ ఏడాది డిసెంబరు 16న భారత ప్రధాని విజయ్ దివస్ సందేశం పెడితే, అది మా విజయం, భారత్ మాకు మిత్రపక్షం మాత్రమేనని ఢాకా తాత్కాలిక ప్రభుత్వంలోని వాళ్లు అభ్యంతరం చెప్పారు. 2025 ఆగస్టులో ఢాకా వెళ్లిన పాకిస్థాన్ విదేశాంగ మంత్రి 1971 సమస్య ఎప్పుడో పరిష్కారమైపోయిందన్నారు, ఢాకా ఒప్పుకోలేదు. యుద్ధం ఒక్కటే, తేదీలూ అవే. రాజధానిని బట్టీ, కుర్చీలో కూర్చున్నవారిని బట్టీ అర్థం మారుతోంది.

దీని వేడి తగిలేది ఎవరికి? మన చేపల రేవులకు.

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో జెట్టీలు తక్కువ, పని తక్కువ. అందుకే ఇక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలీకి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లను పాకిస్థాన్ పట్టుకుపోయింది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి వెళ్లిన మనవాళ్లు పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో గడిపి, 2020 జనవరి మొదటి వారంలో వాఘా దాటారు. ‘తండేల్’ సినిమా ఆ ఘటన ఆధారంగా వచ్చిందే. నీళ్ల మీద గీత కనపడదు. సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడుందో రెండు ప్రభుత్వాలే ఇంతవరకూ తేల్చుకోలేదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. మాటలు సాగుతున్న ఏడాది కొందరిని సుహృద్భావం పేరిట వదులుతారు, సాగని ఏడాది వదలరు. వేట కూలీకి వెళ్లినవాడి విడుదల తేదీ, అతను ఎన్నడూ చూడని యుద్ధం మీద ఆధారపడి ఉంటుంది.

బంగాళాఖాతంలోనూ అదే గండం. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లాకు చెందిన తొమ్మిది మంది మత్స్యకారులు బంగ్లాదేశ్ తీర రక్షక దళానికి చిక్కారు. ఏ దేశం పుట్టుక కోసం విశాఖ నుంచి మన నౌకలు కదిలాయో ఆ దేశపు జైలే వాళ్లకు దిక్కయింది.

బొబ్బిలి చెప్పిన పాఠం

ఇరుగు పొరుగు పాత పగలను మూడోవాడు ఎలా వాడుకుంటాడో ఈ నేలకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. వాటిని అక్కడికి నడిపించింది విజయనగరం రాజు పెద విజయరామరాజు. రెండు సంస్థానాల మధ్య నీళ్ల దగ్గరా సరిహద్దుల దగ్గరా ఏళ్ల తరబడి నలిగిన తగవులున్నాయి. బుస్సీకి కావాల్సింది సర్కారు జిల్లాల కప్పం, అది వసూలు చేసిపెట్టే బలమైన మిత్రుడు. కోటలోపల రాజు రంగారావు స్త్రీలనూ పిల్లలనూ శత్రువు చేతికి చిక్కనివ్వకుండా చంపించారు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో చంపాడు. ఏడాది తిరిగేసరికి విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. చివరికి నేల ఎవరికి దక్కిందో అందరికీ తెలుసు.

ఆ విజయనగరం మీదికే 1794 జులై 10న ఇంగ్లీషు కుంఫిణీ సేన పద్మనాభం దగ్గరికి వచ్చి చిన విజయరామరాజును చంపింది. బొబ్బిలి మీద గెలిచిన వంశం, నలభై ఏళ్లు తిరక్కుండా తాను పిలిచిన దొరల చేతిలోనే నేల కూలింది. బొబ్బిలి యుద్ధం అయిన 134 ఏళ్లకు, 1891లో, బొబ్బిలి మహారాజు కోట ఉన్న చోట స్మారక స్తంభం నిలబెట్టారు. ఆ స్తంభం కంటే ముందే జానపదులు ఆ కథను ఊరూరా పాడుకున్నారు. ఓడినవాళ్ల కథ గెలిచింది. బుర్రకథల్లో, నాటకాల్లో, 1964లో వచ్చిన ఎన్టీ రామారావు సినిమాలో మనం విన్నది బొబ్బిలి వైపు కథే. పద్మనాభం కథ అంతగా జనంలోకి రాలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చెబితే గానీ బుస్సీ ఆడిన ఆట, కుంఫిణీ ఆడిన ఆట పిల్లలకు అర్థం కాదు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పని ఇంతవరకూ సరిగ్గా జరగలేదన్నది నా అభిప్రాయం.

మాఫీ చేసిన బాకీ

ఇప్పుడు జపాన్ సంగతికి వద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు వాళ్ల నౌకాదళం గంజాం నుంచి గోదావరి దాకా సముద్రంలో సరుకు ఓడలను వరసబెట్టి ముంచింది. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని విజయనగరం, శృంగవరపుకోట వైపు పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది.

యుద్ధం ముగిశాక పలు ఆసియా దేశాలు జపాన్‌కు లెక్క చూపించాయి. ఫిలిప్పీన్స్ 55 కోట్ల డాలర్ల పరిహారం రాబట్టింది. బర్మా 1954 ఒప్పందంతో 20 కోట్ల డాలర్లు రాబట్టి, బలూచాంగ్ జలవిద్యుత్ కేంద్రం కట్టించుకుంది. దక్షిణ కొరియా 1965లో 30 కోట్లు ఉచితంగా, 20 కోట్లు అప్పుగా తీసుకుంది. అక్కడ ఆ లెక్క ఇంకా తెగలేదు. నిర్బంధ కూలీలకు పరిహారం ఇవ్వాలని 2018లో కొరియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడం, మరుసటి ఏడాది చిప్‌ల తయారీకి కావాల్సిన రసాయనాల ఎగుమతిని జపాన్ బిగించడం మనం చూశాం. 75 ఏళ్ల నాటి గాయం, సెల్‌ఫోన్ ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది.

భారత్ వేరే దారి తొక్కింది. శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి సభకు నెహ్రూ ప్రభుత్వం వెళ్లలేదు. 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా సంధి చేసుకుని, యుద్ధ పరిహారం మీద హక్కులన్నీ వదులుకుంది. టోక్యో యుద్ధ నేరాల విచారణలో జపాన్ నేతలు నిర్దోషులని రాసిన భారత జడ్జి రాధాబినోద్ పాల్‌కు జపాన్‌లో గుడి దగ్గర స్మారకం కట్టారు. 2007లో మన పార్లమెంటులో మాట్లాడిన జపాన్ ప్రధాని షింజో ఆబే ఆయన్ను పేరు పెట్టి తలుచుకున్నారు. యుద్ధ చరిత్రతో వైరమే కాదు, చుట్టరికం కూడా కలుపుకోవచ్చు.

ఆ చుట్టరికం ఫలితం విజయనగరం జిల్లా కొత్తవలస జంక్షన్‌లో నిలబడితే కనిపిస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి 1960లో ఒప్పందం జరిగింది. ఆ ఖనిజం కోసమే అరకు కొండలు తొలిచి కిరండూల్ దాకా సుమారు 450 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. జపాన్ ఇచ్చిన తొలి యెన్ రుణం 1958లో దక్కింది కూడా మనకే. దేశం మొత్తం మీద చూస్తే 1952 నిర్ణయం తెలివైనదే, దూరదృష్టి ఉన్నదే. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటాను.

అయితే ఆ రోజు ఢిల్లీ మాఫీ చేసిన బాకీలో మన రెండు జిల్లాల వాళ్ల ప్రాణాలున్నాయి. వాళ్లను ఎవరూ అడగలేదు.

రంగం దారి

1942కు ముందు మన ఊళ్లలో చేతికి పని లేనివాడికి ఒకటే దారి, రంగం పోవడం. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కితే కొద్ది రోజుల్లో రంగూన్. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో అప్పు తీర్చి, మిగిలిన అప్పు నెత్తిన పెట్టుకుని వెళ్లేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసేది, బియ్యం మిల్లుల్లో ధాన్యం ఎత్తేది, రిక్షాలు లాగేది, పాయిఖానాలు శుభ్రం చేసేది చాలావరకు మనవాళ్లే. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైమాటే. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకుని, రాజీ కుదరగానే వాళ్లను తీసేశారు. ఆ కోపం కూలీల మీదికి మళ్లి వంద మందికి పైగా చచ్చిపోయారు. లాభం కంపెనీలది, చావు మనవాళ్లది.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. బాంబులు ఎక్కువగా తగిలింది రేవుకూ దాని చుట్టూ ఉన్న కూలీల బస్తీలకూ. జనం పారిపోవడం మొదలుపెట్టారు. రేవు పని ఆగిపోతుందని సర్కారు భయపడింది. దుడ్డు ఉన్నవాడికి ఓడలో చోటు దొరికింది. కూలీ కొనగలిగిన డెక్ టికెట్టు మగవాళ్లకు ఆపేశారు. కాలినడకన ప్రోమ్ దాకా వెళ్లిన వేల మందిని వెనక్కి మళ్లించారు. మళ్లీ వదిలేసరికి ఆలస్యమైంది. టౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరానికి వెళ్లే దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది. ఉత్తరాన టము మీదుగా ఇంఫాల్ చేరే దారి ఇంకొకటి. హుకాంగ్ లోయ మీదుగా అస్సాం చేరే మూడో దారిలో వానలు మొదలయ్యాక మనిషి అడుగు తీసి అడుగు వేయలేని బురద, జలగలు, మలేరియా. తెల్లవాళ్లకు ఒక బాట, నల్లవాళ్లకు ఒక బాట అన్న ఆరోపణ దేశమంతా మారుమోగింది. 1942 ఏప్రిల్ చివర్లో అలహాబాద్‌లో కూడిన కాంగ్రెస్ కమిటీ ఆ వివక్షను ఖండించింది.

ఆ ఏడాది నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. దారిలో పోయినవాళ్లను లెక్కపెట్టినవాళ్లు లేరు. చరిత్రకారుల అంచనాలు 10,000 నుంచి 50,000 పైచిలుకు దాకా ఉన్నాయి. వాళ్లలో కళింగపట్నంలో ఓడ ఎక్కినవాళ్లెందరో, భీమిలిలో ఎక్కినవాళ్లెందరో ఏ రికార్డూ చెప్పదు.

ఈ చావుల గతి గమనించండి. 1942 ఎండాకాలంలో తెల్లదొరల మీద ఆరోపణగా పనికొచ్చినంత కాలం దేశ నాయకులందరి నోటా ఉన్నాయి. ఆగస్టులో క్విట్ ఇండియా రాగానే వెనక్కి జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక బ్రిటన్‌తో కామన్వెల్త్ బంధం, బర్మాతో పంచశీల స్నేహం, జపాన్‌తో సంధి. ఏ ఒక్క దేశాన్నీ నిలదీయడానికి ఆ చావులు అక్కరకు రాలేదు. అక్కరకు రానివాటికి ఏ ప్రభుత్వమూ రాయి పాతదు.

ఇంఫాల్ వెళ్లండి. కామన్వెల్త్ యుద్ధ సమాధులు పచ్చిక మధ్య చక్కగా ఉంటాయి. ఒక్కో రాతి మీద పేరు, వయసు, దళం. ఊరికి కొద్ది దూరంలో ఎర్రకొండ దగ్గర జపాన్ తన సైనికులకు స్మారకం పెట్టుకుంది. 2019లో జపాన్ నిప్పాన్ ఫౌండేషన్ సాయంతో అక్కడే శాంతి మ్యూజియం తెరిచారు. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చి చనిపోయినవాడికి రాయి ఉంది. అదే టము దారిలో, అదే కొండల్లో రాలిపోయిన మన కూలీకి సమాధి మాట అటుంచి, చనిపోయాడన్న కబురు కూడా చాలా ఇళ్లకు చేరలేదు. తిరిగి రాని మనిషి కోసం ఎదురుచూస్తూ తాళి తీయకుండానే బతికిన ఆడవాళ్ల కథలు మన తీరగ్రామాల్లో పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తాయి.

బర్మాలోనే ఉండిపోయినవాళ్ల మీద కూడా పాత యుద్ధమే వచ్చిపడింది. 1962లో నెవిన్ గద్దెనెక్కి, 1964లో దుకాణాలూ మిల్లులూ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక వట్టి చేతులతో ఓడ దిగినవాళ్లకే విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం, 1823కు ముందు నుంచి ఆ నేల మీద ఉన్న జాతులనే పుట్టు పౌరులుగా గుర్తించింది. ఎందుకు 1823? 1824లో ఇంగ్లీషువాళ్లు బర్మా మీద మొదటి యుద్ధానికి దిగారు గనుక. ఆ దండులో మద్రాసు సైన్యపు సిపాయిలున్నారు, ఆ వెనకే కూలీలు వెళ్లారు. దొరలు వెళ్లిపోయారు, వాళ్ల యుద్ధం తాలూకు తేదీ మాత్రం బస్తాలు మోసినవాడి మనవడి పౌరసత్వం మీద పడింది. పొరుగు దేశపు చరిత్రను చట్టంగా మార్చి మనుషుల మీద వాడడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఆసియాలో నాకు కనపడదు.

రాయి మనమే పాతుకోవాలి

ఢిల్లీ ఈ పని చేస్తుందని కూర్చుంటే ఇంకో 80 ఏళ్లు గడుస్తాయి. జపాన్‌ను నిలదీయమనో, మయన్మార్‌తో తగువు పెట్టుకోమనో ఎవరూ అడగడం లేదు. పరిహారం వదులుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. చనిపోయినవాళ్ల పేర్లు వదులుకునే అధికారం లేదు. విశాఖ స్మారకంలో ఘాజీ పక్కన ఆర్‌ఓ-110కీ, దాన్ని ముంచిన జమునకూ నాలుగు వాక్యాలు రాయొచ్చు. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర రంగం దారిలో పోయినవాళ్లకు ఒక స్తంభం నిలబెట్టొచ్చు. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగాలు ఇప్పుడైనా పల్లెలకు వెళ్లి పేర్లు రాసుకోవాలి. నాటి పిల్లలకు ఇప్పుడు తొంభై దాటింది. మన ఎంపీలు విదేశాంగ శాఖను లిఖితపూర్వకంగా అడగాలి: 1942లో బర్మా నుంచి వచ్చినవాళ్ల రికార్డులు ఎక్కడున్నాయి, జిల్లాల వారీగా ఎందుకు బయటపెట్టలేదు అని.

మీ ఇంట్లో రంగం వెళ్లి తిరిగిరాని ముత్తాత ఉంటే, ఆయన పేరు, ఊరు, ఎక్కిన రేవు ఈ ఆదివారమే ఒక కాగితం మీద రాయండి. మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి, సర్పంచికి ఒక నకలు ఇవ్వండి.